మార్కస్ పేరు పక్కన నేను పెట్టిన ఎర్ర గుర్తు

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఈ ఆష్‌బర్న్ సంఘంలో పాటల వరుసలో నవ్వుతూ నిలబడే సునీతనే మీరు చూశారు, కానీ రెండేళ్లపాటు నేను మేఘంలో నడుస్తున్నట్టు నడిచాను, ఎవరు పిలిచినా ఆ గొంతు నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టుండేది, ఎందుకంటే నడుం ఆపరేషన్ తర్వాత నొప్పి పోయింది గానీ నొప్పి మాత్రలు నన్ను వదల్లేదు! విటమిన్ సీసాలో పోసి బ్యాగులో పెట్టుకుని, మా ఆయనకి కూడా తెలియకుండా మింగేదాన్ని.

నా ఉద్యోగం ఇక్కడి ఒక అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ ఆఫీసులో, అదే బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. కాలేజీల్లో ఆడే కుర్రాళ్లని టీములు ఏటా వరుసగా ఎంచుకుంటాయి, దాన్ని డ్రాఫ్ట్ అంటారు. ఆట బాగున్నా నడవడి ఎలాంటిదో కనుక్కుని రిపోర్టు రాయడం నా పని. నడవడి మీద అనుమానముంటే పేరు పక్కన ఎర్ర గుర్తు పెడతాను, అది పడితే మా టీమ్‌లో ఆ అబ్బాయికి దారి మూసుకుపోయినట్టే.

ఆ ఏడు మార్కస్ అనే అబ్బాయి వచ్చాడు. బంతి పట్టుకుని పరిగెత్తితే గాలే పక్కకి తప్పుకున్నట్టుండేది! కానీ మోకాలి దెబ్బకిచ్చిన మాత్రలకి అలవాటుపడి, తోటి ఆటగాడి మాత్రలు దొంగిలించి, ఒక సీజన్ సస్పెండ్ అయ్యాడు. ఇంటర్వ్యూలో ఆ సంగతి అడిగాను.

"నిజమే మేడమ్, దొంగిలించాను. నేనే వెళ్లి కోచ్‌కి చెప్పాను."

"ఎవరికీ తెలియదు కదా, ఎందుకు చెప్పావు?"

"దాచీ దాచీ అలసిపోయాను మేడమ్."

ఆ మధ్యాహ్నమే అతని పేరు పక్కన ఎర్ర గుర్తు పెట్టి, నమ్మదగినవాడు కాడని రాసేశాను. ఎందుకో తెలుసా? నాకు చేతకానిది అతను చేశాడు, అది నేను ఓర్వలేకపోయాను!

డ్రాఫ్ట్‌కి ముందు ఆఖరి మీటింగ్ రోజు పొద్దున పార్కింగ్‌లో కారు ఆపేసరికి లోకమంతా పొగమంచు, మైదానం లేదు, గోడలు లేవు, పసుపు గోల్‌పోస్టు కొనలు మాత్రం తెల్లటి ఆకాశంలో తేలుతున్నాయి. స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాను. "ప్రభువా, ఆ బిడ్డ గురించి రాసింది నా గురించే. నా ఉద్యోగం పోయినా, వీసా పోయినా, నన్ను ఈ అబద్ధంలోంచి బయటికి లాగు తండ్రీ!" దర్శనమేమీ కలగలేదు, సహోదరులారా, కానీ చాన్నాళ్ల తర్వాత నా ఊపిరి చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.

లోపలికి వెళ్లి మా పైఅధికారి జానెట్‌తో అన్నాను, "మార్కస్ రిపోర్టు నేను న్యాయంగా రాయలేదు. నేనే మాత్రలకి బానిసని." ఆమె ఆ రిపోర్టు నా ముందుకి జరిపింది. "ఉన్నది ఉన్నట్టు మళ్లీ రాయి, తర్వాత సెలవు పెట్టు, డాక్టర్ దగ్గరికి నేను తోడొస్తాను" అంది. దొంగతనం రాశాను, ఒప్పుకోలు కూడా రాశాను, ఎర్ర గుర్తు తీసేశాను. డ్రాఫ్ట్ చివరి రౌండ్‌లో మా టీమే అతన్ని తీసుకుంది!

ఇంట్లో చెప్పినప్పుడు మా ఆయన కోప్పడలేదు, "నేను లేనా సునీ?" అన్నాడంతే. డాక్టర్ చెప్పినట్టు మాత్రలు తగ్గించుకుంటూ వణికిన వారాలన్నీ నా చేయి పట్టుకుని కీర్తనలు చదివాడు. ఈ రోజుకి పంతొమ్మిది నెలలు, ఒక్క మాత్ర ముట్టలేదు, దేవునికే మహిమ! ఉద్యోగం కూడా ఉంది. మార్కస్ పెద్ద స్టారేమీ కాలేదు, ఎక్కువగా బెంచీ మీదే ఉంటాడు, కానీ భుజం విరిగినప్పుడు నొప్పి మాత్రలు తన దగ్గర ఉంచొద్దని తనే డాక్టర్‌ని అడిగాడు.

మీలో ఎవరైనా అందరి మధ్య నవ్వుతూ లోపల ఒంటరిగా మునిగిపోతుంటే, పరిశుభ్రమయ్యాక వద్దామని ఆగకండి, ఎలా ఉన్నారో అలాగే ప్రభువు దగ్గరికి రండి. నన్ను తోసేయనివాడు మిమ్మల్నీ తోసేయడు. ఆరాధన అయ్యాక నేను వెనక కుర్చీల్లో కూర్చుంటాను, వచ్చి పక్కన కూర్చోండి, ఏమీ చెప్పకపోయినా ఫర్వాలేదు, కలిసి ప్రార్థన చేసుకుందాం.