లేని బేకరీ దాకా

మొన్న ఆదివారం మా పరుగు బృందం వాట్సాప్‌లో కోచ్ ఒక కబురు పెట్టాడు. సీజను అయిపోయింది, వచ్చే రెండు నెలలూ ఎవరికి తోచినట్టు వాళ్లు సరదాగా పరిగెత్తండి అని. ఐదు నిమిషాలు తిరక్కుండానే ప్రశ్నలు మొదలయ్యాయి. సరదాగా అంటే వారానికి ఎన్ని కిలోమీటర్లు? సరదాకి గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి? ఒకాయనైతే సరదాకి ఎక్సెల్ షీటు ఉంటే పంపమన్నాడు. నవ్వుకుంటూ ఫోను పక్కన పెట్టాను గానీ, ఆ నవ్వులో కొంచెం సిగ్గు కూడా ఉంది. ఇరవై ఏళ్ల కిందట నేనూ ఆ బాపతు మనిషినే. నాకు ఆ జబ్బు వదిలించింది అమీర్‌పేటలో మా ఓనర్ అంకుల్, ఓనర్ ఆంటీ.

అప్పటికి మెట్రో స్తంభాలు రాలేదు. అమీర్‌పేటలో ఇళ్లకు గోడలుండేవో లేదో చెప్పలేను. ఎటు చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. గుంటూరు వైపు నుంచి ఒక సూట్‌కేసుతో దిగి, ఆ బోర్డుల్లో ఒకదాని కింద మూడు నెలలు చదివి, పంజాగుట్టలో ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం సంపాదించాను. మేడమీద ఒంటిగది అద్దెకు తీసుకున్నాను. కింద అంకుల్, ఆంటీ ఉండేవారు. అంకుల్ ఒక మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్లు పిల్లల్ని పరిగెత్తించిన ఆ మనిషి తాను మాత్రం ఎన్నడూ పరిగెత్తలేదట. మైదానం మధ్యలో స్టూలు వేసుకుని కూర్చునేవాణ్నని ఆయనే ఒప్పుకునేవారు. ఈల మాత్రం వదల్లేదు. పొద్దునైనా సాయంత్రమైనా కింద నుంచి ఈల వినిపించిందంటే టీ అయిందని అర్థం. రెండుసార్లు ఊదితే బిస్కెట్లు కూడా ఉన్నాయని.

ఆ ఏడు ఆఫీసులో అందరం కలిసి ఊళ్లో జరిగే పది కిలోమీటర్ల పరుగుకు పేర్లిచ్చాం. మిగతావాళ్లు టీషర్టు కోసం ఇచ్చారు, నేను నిజంగానే పట్టుకున్నాను. వానాకాలమంతా తెల్లారి లేచి, బేగంపేట వైపు వెళ్లి రావడం, స్టాప్‌వాచీ ఉన్న గడియారం చూసుకోవడం, నోటుబుక్కులో రాసుకోవడం. గంటలో పూర్తి చేయాలని పంతం. తీరా ఆ రోజు గంటా రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలు గొంతులో చేపముల్లులా ఉండిపోయాయి. తర్వాత కూడా అదే దారిలో అదే గడియారంతో వెళ్తూ వచ్చాను గానీ, కాళ్లు సహకరిస్తున్నా మనసు రావడం మానేసింది. డిసెంబరులో ఒక పొద్దున బూట్లు కట్టుకుని మెట్లమీద కూర్చుండిపోయాను. అరగంటైనా లేవలేదు.

అంకుల్ పాల ప్యాకెట్లతో వస్తూ చూశారు. ఏమైందని అడిగితే మొత్తం చెప్పాను, నోటుబుక్కుతో సహా. ఆయన చేయి చాపారు.

"గా గడియారం ఇటియ్యి. ఈస్టర్ దాకా నాకాడనే ఉంటది."

ఇచ్చాను. దాన్ని చొక్కా జేబులో వేసుకుని అక్కడికక్కడే కొత్త షరతు పెట్టారు. రోజూ నేను ఇంతకు ముందు వెళ్లని సందులో పరిగెత్తాలి. అలసిపోతే నడవొచ్చు, ఇడ్లీ బండి దగ్గర ఆగొచ్చు, ఎంత దూరమైనా ఫర్వాలేదు. కానీ తిరిగొచ్చాక అక్కడ చూసిన కొత్త సంగతి ఒకటి ఆంటీకి చెప్పాలి. చెప్పకపోతే టీ లేదు.

ఆంటీ సంగతి ఇక్కడ చెప్పాలి. వానల్లో మెట్లమీద జారి కాలు విరగ్గొట్టుకున్నారు. కట్టు విప్పి రెండు నెలలైనా కిటికీ పక్క కుర్చీ వదల్లేదు. ఎముక అతుక్కుంది, ఇక నడవాలి అని డాక్టరు చెప్పారు. ఆవిడకు భయం. గోడకు ఆనించిన వాకర్ మీద తువ్వాళ్లు ఆరేసేవారు. వేలమంది పిల్లల్ని ఉరికించిన అంకుల్ సొంత భార్య చేత వరండా దాటించలేకపోయారు. ఈల ఊదారు, బతిమాలారు, ఒకరోజు అలిగి అన్నం కూడా మానేశారు. ఆవిడ కదల్లేదు. ఆ మాట ఆయన నాతో నవ్వుతూనే చెప్పారు గానీ, చెప్పేటప్పుడు కళ్లు నేలమీదే ఉన్నాయి.

మొదటివారం నా కబుర్లు చప్పగా ఉండేవి. తర్వాత చూడటం అలవాటైంది. సోమాజిగూడలో రాత్రి డ్యూటీ దిగిన నర్సులు బస్టాపులో ఒకరి భుజంమీద ఒకరు తలవాల్చి నిద్రపోవడం చెప్పాను. ఎర్రగడ్డ రైతు బజారు ముందు గోంగూర కట్టల మీద నీళ్లు చల్లుతూ ఇద్దరు ఆడవాళ్లు ఒకరిమీద ఒకరు చల్లుకోవడం చెప్పాను. ఒక సందులో సూటూ టైలతో నలుగురు కుర్రాళ్లు కుళాయి దగ్గర ఒకే అద్దంలో తలలు దువ్వుకుంటూ ఇంటర్వ్యూకి తయారవడం చెప్పినప్పుడు ఆంటీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆవిడ నవ్వితే అంకుల్ రెండో ఈల ఊదేవారు. నేను ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తుతున్నానో నాకు తెలిసేది కాదు. ఒకరోజు ఏదో సందులో దారి తప్పి ఖైరతాబాద్‌లో తేలాను, ఆఫీసుకు గంట ఆలస్యంగా వెళ్లాను, మేనేజరు ఏమన్నాడో గుర్తు లేదు.

ఇక నా బుద్ధి బయటపడిన రోజు. ముందురోజు సినిమాకెళ్లి పొద్దున లేవలేకపోయాను. వీధి చివరి దాకా వెళ్లి, చాయ్ తాగి, మొహమ్మీద నీళ్లు చల్లుకుని తిరిగొచ్చాను. ఏం చూశావని ఆంటీ అడిగారు. నోటికొచ్చింది చెప్పాను. మసీదు వెనక సందులో పాత బేకరీ ఒకటుంది, కట్టెల పొయ్యిమీద బన్నులు కాలుస్తున్నారు, వాసనకే కడుపు నిండిపోయింది అని.

ఆంటీ చేతిలో బఠాణీలు ఒలవడం ఆగిపోయింది.

"గా సందుల బేకరీ యాడిది? నేను పుట్టి పెరిగిందే గాడ."

"ఉందండీ ఆంటీ. ఆకుపచ్చ తలుపు," అన్నాను. అబద్ధానికి తలుపు కూడా పెట్టేశాను.

ఆవిడ అంకుల్ వంక చూశారు. అంకుల్ పేపరులోంచి తల ఎత్తకుండా, ఉండొచ్చు, ఈ మధ్య మస్తు మారింది అన్నారు. ఆవిడకు రోషం వచ్చింది. తన పుట్టింటి సందు గురించి గుంటూరు పిల్లవాడు తనకు చెప్పడం. తువ్వాళ్లు తీసి కుర్చీమీద పడేసి వాకర్ ముందుకు లాక్కున్నారు.

"పద, సూపియ్యి."

బేకరీ లేదని చెప్పేయబోతుంటే అంకుల్ నా చేయి గట్టిగా నొక్కారు. ఆవిడ వరండా దాటారు. గేటు దగ్గర చాలాసేపు ఆగారు, వెనక్కి తిరుగుతారేమో అనుకున్నాను. తిరగలేదు. మూడొందల అడుగులుంటాయేమో ఆ దూరం. నేను ఒకపక్క, అంకుల్ ఒకపక్క, ఆటోలు హారన్ కొడుతుంటే ఆవిడ వాటినే తిట్టుకుంటూ నడిచారు. జిరాక్సు షాపుల వాళ్లు బయటికొచ్చి చూశారు. సందు మలుపు తిరిగేసరికి ఆవిడ నుదురంతా చెమట. అక్కడ ఒక కుట్టుమిషను కొట్టు, ఒక హాస్టలు, ఒక ఖాళీ గోడ.

"సెప్పిన గద, లేదని," అన్నారు ఆంటీ. అంత సంతోషంగా ఓడించిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. కుట్టుమిషను కొట్టు పెద్దాయన ఆవిణ్ని గుర్తుపట్టి, "అరె, ఆపా" అని అక్కను పిలిచినట్టు పిలుస్తూ స్టూలు తెచ్చి వేశాడు. చిన్నప్పుడు ఒకే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకున్నవాళ్లట. ఇద్దరూ ఉర్దూలో గంటసేపు ఎవరెవరినో తలుచుకున్నారు. మర్నాడు ఆంటీ తనంతట తానే బయలుదేరారు, ఆ పెద్దాయన భార్యను చూడాలని. ఆ తర్వాత కూరగాయలకు, ఆ తర్వాత చర్చికి.

అబద్ధమాడానని అంకుల్‌కు క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన మెట్లమీద నా పక్కన కూర్చున్నారు.

"బేకరీని దగ్గర్ల పెట్టి మంచి పని చేసినవ్ బాబు. ఎర్రగడ్డల పెడితే ఆమె నడవకపోతుండె."

ఈస్టర్ నాడు నా గడియారం తిరిగిచ్చారు. మరుసటి ఏడు పరుగును గంటలోపే పూర్తి చేశాను. ఆ సంగతి ఇంటికొచ్చి చెబితే ఆంటీ, దారిలో ఏం చూశావో చెప్పమన్నారు. ఇంకో నాలుగేళ్లు ఆ మేడమీదే ఉన్నాను, పెళ్లయ్యాకే ఖాళీ చేశాను. అన్ని సీజన్లు పరిగెత్తానా, ఏ పరుగు ఎన్ని నిమిషాల్లో ముగించానో ఇప్పుడు అడిగితే పుస్తకం వెతుక్కోవాలి. ఆ మూడొందల అడుగులు నడవడానికి పట్టిన పొద్దు మాత్రం ఇంకా నిండుగా నా దగ్గరే ఉంది. తర్వాతి ఇరవై ఏళ్లే ఏ సందులోంచి వెళ్లిపోయాయో చూడలేదు.