వేడి మీద ఒకటే స్టార్టు

మా పంప్‌హౌస్‌లో పెద్ద మోటారు ఆపరేటరుకి అసలు పేరొకటి ఉంది, హాజరు పట్టీలో తప్ప ఎవరూ వాడరు. అందరికీ ఆయన కాలుకాలిన పిల్లే. కుర్చీలో రెండు నిమిషాలు కూర్చోడు. టీ కూడా గేజీల ముందు తిరుగుతూనే తాగుతాడు. అలాంటి మనిషికి దేవుడు ఆగడమే పనైన ఉద్యోగం ఇచ్చాడు.

పెద్ద మోటారు తిరగడం మొదలుపెట్టేటప్పుడు మామూలుకన్నా ఆరింతలు కరెంటు లాగుతుంది. ఆ వేడి లోపలి తీగచుట్లలో నిలిచిపోతుంది. అందుకే ప్యానెల్ మీద ఎర్ర రంగుతో ఆయనే రాశాడు: చల్లగా ఉంటే రెండు స్టార్టులు, వేడి మీద ఒకటే, ఆపైన గంట ఆగాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓసారి తొందరపడి మూడోసారి బటన్ నొక్కాడు. తీగలు మాడిపోయి ఊరికి పదకొండు రోజులు నీళ్లు లేవు. అప్పటినుంచి స్టార్టులు అయిపోగానే ప్యానెల్‌కి తాళం వేసి, తాళంచెవి ఇంకొకరి చేతిలో పెడతాడు. లాగ్‌బుక్ రాసేదాన్ని కాబట్టి ఇప్పుడది నా పాలిట పడింది. "నేనడిగినా ఇవ్వొద్దు చెల్లెమ్మా" అంటాడు. అని, అయిదు నిమిషాలకోసారి తనే అడుగుతాడు. నాకు ఒళ్లు మండుతుంది.

మొన్న మంగళవారం పొద్దున పదింటికి, నిండుగా తిరుగుతున్న మోటారు కరెంటు పోయి ఆగింది. కరెంటు వచ్చాక, ఉన్న ఒక్క స్టార్టూ వాడాడు. ఓల్టేజీ చాలక, వేగం అందుకోకముందే ట్రిప్పయి ఆగిపోయింది. రెండో మోటారు రిపేరుకి వెళ్లి నెలయింది. తాళంచెవి నా చేతికొచ్చింది.

పది నిమిషాలకి వాళ్ల బావ ఫోన్. ఈయన అక్కకి ఆసుపత్రిలో డయాలసిస్ జరుగుతోంది. ఆ యంత్రానికి నీళ్లు బాగా కావాలి, ఆసుపత్రి ట్యాంకు నిండేది మా నీళ్లతోనే. అది అడుగంటుతోందట, మధ్యలో ఆపేస్తామంటున్నారట.

ఫోన్ పెట్టేసి నా బల్ల ముందుకొచ్చాడు.

"తాళం ఇవ్వు."

"ఇంకా యాభై నిమిషాలుందన్నా."

"ఒక్కసారికి ఏమీ కాదు. ఇవ్వమ్మా, నీకు దండం పెడతా."

నిజంగానే చేతులు జోడించాడు. అబద్ధమెందుకు, నాకూ ఇచ్చేద్దామనే అనిపించింది. ఏం చెప్పాలో తెలియక, "అన్నా, అక్కకి మళ్లీ డయాలసిస్ ఎప్పుడు?" అన్నాను.

"ఎల్లుండి" అని, ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. మోటారు మాడితే ఎల్లుండిదీ లేదు, ఆ తర్వాతదీ లేదు. వెళ్లి మోటారు మీద చెయ్యి పెట్టి చూశాడు, చుర్రుమంది. తిరిగొచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. కాళ్లు ఆడిస్తూనే ఉన్నాడు గానీ, గంట నిండేదాకా లేవలేదు.

పదకొండుంపావుకి తాళం తీసి బటన్ నొక్కాడు. మోటారు ఒకసారి మూలిగి, వేగం అందుకుంది.

సాయంత్రం అక్కే ఫోన్ చేసింది. డయాలసిస్ గంట ముందే ఆపేశారట, ఒళ్లంతా నీరసంగా ఉందట. ఈయన ఫోన్ స్పీకర్‌లో పెట్టి నా బల్ల మీద ఉంచాడు. ఆవిడ, "తొందరపడి మళ్లీ నొక్కలేదు కదా?" అంది.

"లేదక్కా. గంటసేపు కూర్చునే ఉన్నా."

"నొక్కలేదంటే నమ్ముతాను గానీ, కూర్చున్నావంటే నమ్మనురా. ఆ అమ్మాయికివ్వు ఫోన్."

నేను తీసుకుని, నిజమే, కూర్చున్నాడని చెప్పాను. అవతల ఆవిడ ఏడుస్తోంది.

"ఎంత అల్లాడిపోయాడో వెధవ" అంది.