రాగి చెంబులో ఫోను

ఇది రాసిపెట్టకపోతే మా తమ్ముడు ఒక అబద్ధాన్నే నిజమనుకుని బతుకుతాడు. మొన్న ఇంటికి సున్నం వేయిస్తూ గోడ మీది వాడి ఫొటో దించాను. మిలిటరీ బట్టలు, చెవి దగ్గర నల్ల రిసీవరు, వెనక మంచు. దుమ్ము తుడిచి ఒళ్లో పెట్టుకున్నాను.

మాది నల్లగొండ పక్కన నేత ఇల్లు. తమ్ముడు మగ్గం వదిలి సైన్యంలో చేరాక ప్రతి ఆదివారం పొద్దున ఫోను చేసేవాడు. ఇంటికంతా ఒకటే ఫోను. మగ్గాల చప్పుడులో వినపడదేమోనని అమ్మ దాన్ని రాగి చెంబులో నిలబెట్టి, పక్కనే కూర్చుని నూలు కండెలు చుట్టేది. అది మోగితే చెంబూ మోగేది, వీధిలో కోళ్లు బెదిరేవి. నేను పదో తరగతి తప్పినా గ్రంథాలయంలో బీరువాలకు బీరువాలు చదివినవాణ్ణి. ఒక ఆదివారం, ఇంటికివ్వని పుస్తకంలో పుటలు ఫొటో తీసుకుందామని ఆ ఫోను పట్టుకుపోయాను. అక్కడి నియమం ప్రకారం మోత ఆపాను. బయటికొచ్చి చూస్తే మూడు మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే కలవలేదు.

"తమ్ముడు చేసిండా?" అంది అమ్మ.

"లేదమ్మా. చేస్తే నేను ఎత్తకపోదునా?"

తర్వాత నాలుగు నెలలు వాడి నుంచి ఫోను రాలేదు. చెంబు పక్కన కండెలు మాత్రం పెరిగాయి. చివరికి పోస్టులో ఈ ఫొటో వచ్చింది. యుద్ధాల బొమ్మల పుస్తకాలు తిరగేసిన ధీమాతో అమ్మకు పాఠం చెప్పాను: మిలిటరీ ఫొటోలో తుపాకి ఉన్నవాడు మాట వినేవాడు, ఫోను ఉన్నవాడు మాట చెప్పేవాడు, అది అధికారానికి గుర్తు. అమ్మ ఫొటోను వెలుతురుకు పట్టింది.

"హుకుం జేసేటోని మొఖమా బిడ్డా ఇది? ఎవలన్న ఎత్తుతరేమోనని సూస్తున్నట్టుంది."

"నీకు తెల్వదు తియ్యమ్మా."

పటం కట్టించి వాడకట్టంతా చెప్పుకున్నాను. తమ్ముడు సెలవు మీద వచ్చి పటం చూసి నవ్వాడు. "దీన్ని పటం గట్టిచ్చినవా అన్నా! ఫోన్లు లేని జాగాకు ఎక్కేముందు మా దోస్తు దీసిండు. అప్పుడు ఇంటికే మూడుసార్లు చేసిన. ఒక్కలు ఎత్తకపోతిరి."

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "తప్పు నాదే కొడుకా. ఫోను చెంబులనే ఉండె. మగ్గం సప్పుడుకు నాకే ఇనరాలే."

"నీకు చెవుడొచ్చిందే అమ్మా," అని వాడు ఆటపట్టించాడు. వారం తిరక్కుండానే పట్నం నుంచి చెవి మిషను తెచ్చి స్వయంగా పెట్టాడు. దారం తెగితే పక్కింటి మగ్గం మీదైనా పసిగట్టే చెవులవి. కన్ను మూసేదాకా అమ్మ ఆ మిషను తీయలేదు. నేనూ నోరు తెరవలేదు.

ఇది రాసుకోమని మూల కుర్చీ ఇచ్చిన గ్రంథాలయం పెద్దాయనకు, పటానికి అద్దం మార్చిన మా బావకు, మంచి చెవులతోనే చెవిటిదైన అమ్మకు దండాలు. తమ్ముడికి ఈ కాగితం ఇవాళే పంపుతున్నాను. అమ్మ ఉండగా ఒక్క నిమిషంలో అయిపోయే మాటకు నాకు ఇన్నేళ్లు పట్టింది.