గురువారం రాష్ట్రం

ఓర్ఫా టటిల్ రెండు రాష్ట్రాల సరిహద్దున ఉన్న జెఫర్సన్ కొండల్లోని రాగి గనులకు కంచరగాడిదల మీద సరుకు తోలేది. తమకు రోడ్డు వెయ్యని ఆ రెండు రాష్ట్రాలతోనూ తెగతెంపులని, ఇకనుంచి ప్రతి గురువారం తమది వేరే రాష్ట్రమని 1941లో అక్కడివాళ్లు తుపాకులతో దారికి అడ్డం నిలబడ్డారు. డిసెంబరులో దేశం ప్రపంచ యుద్ధంలోకి దిగగానే మగాళ్లంతా తుపాకులు దించి ఇళ్లకు పోయారు. ఓర్ఫా మాత్రం గురువారం వస్తే చాలు, దారికడ్డంగా దుంగ పడేసి దానిమీదే కూర్చునేది.

"యుద్ధమొచ్చినా నీ మొండితనం పోదా?" అని ఊరి మంగలి ఎత్తిపొడిచాడు.

"యుద్ధమొస్తే దారిలో బురద ఎండిందా?" అంది.

ఒక గురువారం రాజధాని నుంచి వచ్చిన రోడ్ల ఇంజనీరు కారు ఆ దుంగ ముందే ఇరుసుదాకా దిగబడింది.

"ఏమ్మా, నీ గాడిదలతో కాస్త లాగించవూ?"

"ఈ రోడ్డుకేం, బ్రహ్మాండంగా ఉందని పోయినేడు చెప్పింది నువ్వే కదయ్యా? మంచి రోడ్డు మీద కారు దిగబడదు. తొయ్యి, అదే కదుల్తుంది."

అతను తోశాడు, జారాడు, బోర్లా పడ్డాడు. చివరికి బురద ఉమ్మేస్తూ అరిచాడు: "ఇక్కడ అసలు రోడ్డే లేదు!"

ఓర్ఫా లేచి గాడిదలకు గొలుసు తగిలించింది.

"ఈ ఒక్క ముక్క మీ నోట రాకనే కదయ్యా, మేం రాష్ట్రం పెట్టుకుంది!"