ఏ సినిమావి?

అరవైల చివర్లో ఒకరోజు, యూనివర్సిటీలో క్లాసులయ్యాక తార్నాక బస్టాపులో నిలబడి ఉంటే, గ్రామఫోను రికార్డుల కట్టతో ఒకతను పక్కకొచ్చి నిలబడ్డాడు. పసుపు లేబుళ్ళ మీద నాలుగు తలల బొమ్మ.

"ఏ సినిమావన్నా?" అని అడిగాను. రికార్డంటే సినిమాదే అనుకునేవాళ్ళం.

"సినిమా గాదు తమ్మీ, మా నలుగురియే. రాక్ పాటలు. బొంబాయి పొయ్యి చేయించినం. క్యాంపస్‌ల వాయిస్తె, పదేండ్ల కిందటి బాణీలేందని విననీకొచ్చినోళ్ళంత లేచి ఎల్లిపోయిన్రు. గా పాత బాణీలే మాకు పానం."

"ఇప్పుడెక్కడికి?"

"లాలాగూడ. మా అక్క వీటిని వేడినీళ్ళల్ల మెత్తగ చేసి గిన్నెల లెక్క వంచుతది. గవైతే అందరు అడిగి తీస్కుంటున్నరు."

ఒకటి తీసి నా ముందు పెట్టాడు. "వింటవా?"

మా గదిలో గ్రామఫోను లేదన్నాను. కాసేపట్లో వేడినీళ్ళలో పడబోయే ఆ రికార్డు మీది దుమ్మును చొక్కా అంచుతో మెల్లగా తుడిచి, కట్టలో పెట్టుకుని బస్సెక్కాడు.

ఏళ్ళ తర్వాత విద్యానగర్‌లో, కడప మిత్రుడి ఇంట్లో, అంచులు వంపులు తిరిగిన నల్ల గిన్నెలో మురుకులు పెట్టారు. మురుకులు అయిపోయాక అడుగున నాలుగు తలలు కనిపించాయి.

"బాగుండాది కదన్నా?" అంది మిత్రుడి భార్య. "ఏదో పాత సినిమాదంట."