ఇసుక మీద నాలుగు రెక్కలు

కరీంనగర్‌లో మా బాపు సన్నని వెండి తీగతో పెట్టెలు, పళ్లేలు అల్లేవాడు. ఎనభైల్లో నేను ఫిజిక్స్‌తో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతుండగా కాలేజీలో సైన్సు ప్రదర్శన పెట్టారు. లోహపు రేకు మీద ఇసుక చల్లి, అంచున వయొలిన్ కమానుతో గీస్తే రేకు అదురుతుంది. చెల్లాచెదురుగా ఉన్న ఇసుక అందమైన బొమ్మగా సర్దుకుంటుంది. అది చూపిస్తానని మా సారుకు మాటిచ్చాను.

బజారులో కొన్న రేకుతో ఇంట్లో ప్రయత్నిస్తే బొమ్మ ప్రతిసారీ ఒక పక్కకు వంకరపోయింది. నా అవస్థ చూసి బాపు చేతిలో పని పక్కన పెట్టాడు. రేకు అంచులన్నీ రెండు వేళ్లతో తడిమాడు.

"గీ మూల మందం ఎక్కువున్నది బిడ్డా."

"కొలిచిన బాపు. సరిగ్గనే ఉన్నది."

"పొడుగు కొలిచినవ్. మందం కొలిచినవా?"

కొలవలేదు. ఆయన ఇత్తడి రేకు తెచ్చి, వేళ్లతో చూసుకుంటూ రెండు రోజులు ఆకురాయితో రాకి అంతటా ఒకే మందం చేశాడు.

ప్రదర్శన రోజు ఆ రేకు మీద ఇసుక చల్లి కమాను లాగాను. ఇసుక గబగబా కదిలి నాలుగు రెక్కల పువ్వై నిలిచింది. రేకు కదలని చోటుకే ఇసుక చేరుతుందని వచ్చినవాళ్లకు చెప్పాను. నాతోపాటు వచ్చిన బాపు ముందుకు జరిగి వంగి చూశాడు.

"గింత సమానంగ నాకు రాదు సార్. నా వెండి తీగ పువ్వుల ఏదో ఒక రెక్క జర తప్పుతది," అన్నాడు మా సారుతో.

"వెండి లోపల కూడ గట్లనే ఉంటది," అన్నాడు సారు. "పరమాణువులు వరుసగ పేర్చినట్టుంటయి. అక్కడక్కడ వరుస తప్పుతది. గా తప్పులుండబట్టే తీగ విరగకుంట వంగుతది."

బాపు తన వేళ్లకేసి చూసుకున్నాడు.

"నలభై ఏండ్ల సంది వంచుతున్న. ఎందుకు వంగుతదో ఇయ్యాల తెలిసింది."

సారు ఆయనకు కుర్చీ వేయించాడు. సాయంత్రందాకా బాపు అక్కడే కూర్చుని, అడిగినవాళ్లకల్లా మందం సంగతి తానే చెప్పాడు. బహుమతి వేరేవాళ్లకు వచ్చింది. మాకు ఫికర్ లేదు.

ఆ రేకును ల్యాబులోనే ఉంచుతామని, తయారుచేసినవాళ్ల పేరు రాసిమ్మని సారు అడిగాడు. నేను చీటీ మీద ఇద్దరి పేర్లూ రాశాను. ముందు బాపుది. ఆయన చీటీ తీసుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, తానే రేకు పక్కన అంటించాడు.