నేనే ఏరిన బండ

తాండూరులో ఒక బండల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తాను. ప్రతి బండనూ సుత్తితో తట్టి, మోతను బట్టి బీటువారినవి పక్కకు తీయడం నా పని.

మొన్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, అన్నాలు తిన్నాక అందరం ఫోన్‌లో రెజ్లింగ్ చూస్తున్నాం. ఒకడు నిచ్చెన మీది నుంచి బల్ల మీద పడ్డాడు. బల్ల విరిగింది. వాడి నుదుటి మీద నెత్తురు చూసి మేం ఈలలు వేశాం.

"గదంత ఉత్త యాక్టింగే. నేను బండ మీదనే పడి చూపిస్త" అన్నాడు మిషన్ నడిపే అంజయ్య.

వద్దనాల్సింది పోయి, తేలిగ్గా పగులుతుందని బీటున్న బండను నేనే ఏరి, రెండు రాళ్ల మీద ఆనించాను. ఫోన్ పట్టుకుని వీడియో మొదలుపెట్టాను. అంజయ్య పక్కనున్న బండల దొంతి ఎక్కి వెల్లకిలా పడ్డాడు. బండ రెండు ముక్కలైంది. అతను లేవలేదు. రెజ్లింగ్‌లో వాళ్లూ అలాగే పడి ఉంటారు కదా, చప్పట్లు కొట్టాం. కింద పాలిష్ నీళ్లు ఎర్రబడ్డాక గానీ ఎవరూ కదల్లేదు. పగిలిన అంచు వీపును చీల్చేసింది.

లోపల కుట్లు వేస్తుంటే, ఆసుపత్రి వరండాలో ఆ రెజ్లింగ్ వాళ్లను నోటికొచ్చినట్టు తిడుతూ వీడియో తెరిచాను. అంజయ్య మూలుగుతున్నాడు. దాని మీద నా గొంతు: "లెవ్వకు అన్నా, జర గట్లనే ఉండు. వీడియో మంచిగొస్తది."

అంజయ్య మళ్లీ పనిలోకి వచ్చాడు. బండను తట్టి మోత వినబోతే నాకు ఇప్పటికీ ఆ గొంతే వినిపిస్తుంది.